కొండదారులు

వేసవి సెలవులు వచ్చినవనగానే పిల్లల మనస్సులలో ఉత్సాహము పొంగును. పరీక్షలు ముగిసినవి; పుస్తకములు అటక యెక్కినవి; ఇక నెలన్నర దినములు మనవి! కొందరు అమ్మమ్మగారి యూరికి పోవుదురు. కొందరు మామిడితోపులలో ప్రొద్దుపుచ్చుదురు. కొంచెము కలిమిగలవారు చల్లని చోటులకు ప్రయాణము కట్టుదురు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము ప్రాంతములవారికి అట్టి చల్లని చోటు ఎంతో దూరమున లేదు. హార్సిలీ కొండలు చెంతనే యున్నవి. ఉదయము బండి యెక్కినవారు కొండకొమ్మున దిగి, గాలిబండపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొని, వెంట తెచ్చుకొన్న పులిహోర భుజించి, ప్రొద్దు క్రుంకకముందే యిల్లు చేరుదురు. మఱునాడు “కొండ చూచి వచ్చితిమి” అని ఇరుగుపొరుగువారితో చెప్పుదురు.

వారు నిజముగా కొండను చూచిరా? ఇది విచారింపదగిన ప్రశ్న. బండిలో పోవువానికి కొండ చేరవలసిన చోటు మాత్రమే. నడచి పోవువానికి అది యొక లోకము. అడుగున ముండ్లతుప్పలు, నడుమ నీడనిచ్చు చెట్లు, పైన వట్టి రాయి, గాలి – ఇవి యెచ్చట మొదలై యెచ్చట మాఱుచున్నవో నడచినవానికే తెలియును. ఏ బండక్రింద నీరు నిలుచునో, ఏ మలుపున గాలి చల్లబడునో, ఏ చెట్టుపై ఏ పక్షి గూడు కట్టునో వాడే చెప్పగలడు. కావున వేసవి సెలవులలో కొన్ని దినములైనను మన కొండలలో కాలినడకను గడపుట మంచిదనియు, అట్లు నడచుటకు తగిన దారులను నిలుపుకొనుట మన గ్రామముల బాధ్యత యనియు నా యభిప్రాయము. ఇది క్రొత్తగా పుట్టిన ఊహ కాదు. ఈ పద్ధతిలో పేరుపొందిన దేశమొకటి కలదు. ముందు దాని కథ కొంత తెలిసికొందము.

ఐరోపాఖండము నడుమ ఆల్ప్స్ పర్వతములు వ్యాపించియున్నవి. అందు ఫ్రాన్సుదేశపు తూర్పు సరిహద్దున షామొనీ అను నూరు కలదు. దాని నెత్తిపై మోబ్లా శిఖరము నిలిచియున్నది. ఆ పేరునకు తెల్లకొండ యని యర్థము. దాని యెత్తు 4,800 మీటర్లకు పైమాట. రెండున్నర శతాబ్దముల క్రిందట ఆ లోయలోని జనులు పేద సేద్యగాండ్రు, పసులకాపరులు. పైనున్న మంచుదిబ్బలన్న వారికి మిక్కిలి భయము. ఆ శిఖరముపై మనుష్యుడు కాలు మోపజాలడని వారి నమ్మకము. 1760వ సంవత్సరమున జెనీవా నగరవాసియగు సొస్యూర్ అను శాస్త్రజ్ఞుడు ఆ శిఖరమునకు దారి కనుగొన్నవారికి బహుమానము నిచ్చెదనని ప్రకటించెను. ఇరువదియాఱేండ్లు గడచినవి. తుదకు 1786వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన ఆ యూరివారే యిద్దరు, పకార్ అను వైద్యుడును, బల్మా అను కొండవాడును, శిఖరము నెక్కి దిగివచ్చిరి. మఱుసటి యేట సొస్యూర్ తానును ఎక్కి, పైని గాలిబరువును కొలిచెను.

అప్పటినుండి ఆ యూరికి రాకపోకలు హెచ్చినవి. వచ్చినవారికి దారి చూపుట గ్రామస్థులకొక వృత్తి యయ్యెను. కాని కొండ ఆటవస్తువు కాదు గదా! 1820లో ఒక బృందము శిఖరము నెక్కుచుండగా మంచుచరియ విఱిగిపడి ముగ్గురు దారిచూపరులు మరణించిరి. ఆ దుఃఖము ఆ గ్రామమునకు బుద్ధి నేర్పినది. మఱుసటి సంవత్సరమే, అనగా 1821లో, దారిచూపరులందరు ఒక సంఘముగా నేర్పడిరి. ఎవరి వంతు ఎప్పుడో నియమించుకొనిరి. ఆపదలో చిక్కినవారి కుటుంబములకు తోడ్పడుటకు నిధిని కూర్చుకొనిరి. ఆనాటికి ఆ సీమ సార్డీనియా రాజ్యములోనిది. 1860లో ఫ్రాన్సులో చేరినది. రాజ్యము మాఱినను ఆ సంఘము మాఱలేదు. అది నేటికిని పనిచేయుచునే యున్నది.

అయినను చాలకాలము కొండవిహారము ధనికులకే చెల్లెను. కూలిచేసి బ్రతుకువానికి తీరిక యెక్కడిది? ఒక దినము పని మానిన ఆ దినపు కూలి పోవును. ఈ చిక్కును తీర్చినది 1936లో ఫ్రాన్సు ప్రభుత్వము చేసిన చట్టము. దానివలన కార్మికులందరికిని సంవత్సరమునకు రెండు వారముల సెలవు, జీతముతో లభించెను. అంతవరకు సముద్రమునుగాని పర్వతమునుగాని చూచి యెఱుగని కుటుంబములు మూటలు కట్టుకొని రైళ్లెక్కినవి, సైకిళ్లపై బయలుదేరినవి. 1947నుండి ఆ దేశమున దూరపు కాలిబాటలకు గుర్తులు పెట్టుట మొదలయ్యెను. చెట్లపైనను రాళ్లపైనను ఒక తెల్లగీత, దాని క్రింద నొక యెఱ్ఱగీత – ఇంతే ఆ గుర్తు. ఈ రెండు గీతల నమ్మి అన్యదేశస్థుడును దారి తప్పక రోజులతరబడి నడువగలడు. ఈ గీతలను అద్దువారిలో పెక్కుమంది జీతము లేని స్వచ్ఛందసేవకులు.

ఇప్పుడచ్చటి వేసవి సెలవు ఎట్లుండునో చూడుడు. ఒక కుటుంబము కొండయూరిలో ఒక వారము బస చేయును. వేకువనే రొట్టె, చీజ్, నీరు సంచిలో వేసికొని బయలుదేరుదురు. దారికొయ్యలపై తఱచుగా దూరముతోపాటు పట్టు కాలమును వ్రాసియుందురు. ఏలనన, కొండయందు మైలు కొలత కాదు, ఎక్కుడే కొలత. నడుమ పచ్చికబయళ్లలో పసులమందలు మేయుచుండును. చలికాలమంతయు కొట్టములలో నుంచిన ఆవులను వేసవిలో మీది బీళ్లకు తోలుట ఆ సీమ యాచారము. ఎత్తున దారిపొడుగున బసలుండును. వాన కురిసినచో అందు తలదాచుకొనవచ్చును. సాయంకాలమునకు తిరిగివచ్చి అలసి నిద్రింతురు. వారు వినోదమునకై వ్యయము చేసినది కొంచెము, పొందినది మెండు.

దూరపు కొండలు నునుపు అను సామెత మన కెల్లరకు తెలిసినదే. అచ్చటను లోపములు లేకపోలేదు. బండ్లరద్దీ హెచ్చినది, ఇండ్ల వెలలు పెరిగినవి. షామొనీ పైనున్న మంచునది యొకటి యేటేట కరగి కృశించుచున్నది. 1909లో దాని యొడ్డుకు రైలుమార్గము పూర్తియైన నాడు మంచు చేరువలో నుండెడిది. పిమ్మట అది క్రుంగి యెంతో దిగువకు పోవుటచే దానిని తాకగోరువారు కొన్ని వందల మెట్లు దిగవలసివచ్చెను. భూమి వేడెక్కుచున్నదని మనము పుస్తకములలో చదువుదుము. అచ్చట నడచినవారు మెట్లు లెక్కించి తెలిసికొనిరి. నడక యిచ్చు జ్ఞానము ఇట్టిది. మాట వినుట వేఱు, మోకాలు చెప్పుట వేఱు.

ఆల్ప్స్ కథతో మనకేమి సంబంధమని మీరడుగవచ్చును. సంబంధమును మన యూరివాడే కలిపినాడు. 1895లో మదనపల్లెలో పుట్టిన యొక బాలుడు పెరిగి జిడ్డు కృష్ణమూర్తి యను పేర లోకమున ప్రసిద్ధుడయ్యెను. ఆయన 1961నుండి 1985వఱకు వేసవులలో స్విట్జర్లాండు దేశపు ఆల్ప్స్‌లోని సానెన్ అను గ్రామమున ప్రసంగములు చేయుచుండెను. ప్రసంగము లేని వేళ అడవిదారులలో నడచుట ఆయనకు నిత్యకృత్యము. మదనపల్లెకు చేరువనున్న ఋషివ్యాలీ విద్యాలయమునకు వచ్చినప్పుడును ఆయన ఆ నడకను మానలేదు. ఆల్ప్స్ మంచుకొండలను అంత దగ్గఱగా చూచిన మనుష్యుడు మన రాతికొండలను తక్కువగా నెంచలేదు. ఇది గమనింపదగిన విషయము.

మన కొండలు తక్కువవి కావనుటకు ఒక లెక్క చెప్పెదను. షామొనీ గ్రామము సముద్రమట్టమునకు ఇంచుమించు 1,035 మీటర్ల యెత్తున నున్నది. మన హార్సిలీ కొండ యెత్తు ఇంచుమించు 1,265 మీటర్లు. అనగా మన కొండకొమ్మున నిలిచిన పిల్లవాడు ఆ ప్రఖ్యాతమైన ఊరికంటె ఎత్తున నున్నాడన్నమాట! మఱి అచ్చట మంచు, ఇచ్చట ఎండ యేల? షామొనీ భూమధ్యరేఖకు ఉత్తరముగా 46 డిగ్రీల దూరమున నున్నది. మనము పదుమూడు, పదునాలుగు డిగ్రీల దూరమున నున్నాము. సూర్యుడు మనకు చాల దగ్గఱి చుట్టము.

పలమనేరు చెంతనున్న గంగవరము పిల్లలకు ఇంకొక విశేషము చెప్పవలెను. మీరు కొండ నెక్కకయే కొంత యెత్తున నున్నారు. చిత్తూరు ఇంచుమించు 300 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటనుండి పడమరగా వచ్చి మొగిలి కనుమ నెక్కినచో మైసూరు పీఠభూమి యంచున కాలు పెట్టుదుము. పలమనేరు ప్రాంతము 680 మీటర్ల యెత్తు. సాధారణముగా 1,000 మీటర్లు ఎక్కినచో ఆఱున్నర డిగ్రీల వేడి తగ్గునని వాతావరణశాస్త్రము చెప్పుచున్నది. చిత్తూరున 40 డిగ్రీల యెండ మాడ్చుచుండగా హార్సిలీ కొమ్మున 34 డిగ్రీల లోపుగ నుండుట కిదియే కారణము. ఈ గాలి మంచితనమును పెద్దలు ఏనాడో గుర్తించిరి. క్షయరోగులకై మదనపల్లె చెంత ఆరోగ్యవరము వైద్యశాలను 1915లో నెలకొల్పినది ఈ పొడిగాలిని నమ్ముకొనియే. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలో కొన్నాళ్లు విశ్రమించెను. జనగణమన గీతమును ఆంగ్లములోనికి మార్చినది అచ్చటనే.

ఇక హార్సిలీ కొండ పేరును చూతము. హార్సిలీ దొర పంతొమ్మిదవ శతాబ్దమున కడప జిల్లా కలెక్టరు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకు మదనపల్లె సీమ కడప జిల్లాలోనిదే. ఆయన వేసవి యెండకు తాళజాలక కొండపై విడిది కట్టించుకొనెను. నాటినుండి కొండకు ఆయన పేరు పడినది. కాని దానికి అంతకుముందే పేరు లేకపోలేదు. అది ఏనుగుమల్లమ్మ కొండ. మల్లమ్మ యను బాలిక ఆ కొండపై నుండెడిదనియు, ఏనుగులామెకు ఆహారము తెచ్చియిచ్చెడివనియు, ఆమె కొండవారి రోగములను మాన్పెడిదనియు, ఒకనాడు కనబడకుండ పోయెననియు కథ. నేటికిని కొండపై ఆమె గుడి కలదు. బండిలో వచ్చినవారికి దారిపలకపైని హార్సిలీ పేరే కనబడును. నడచుచు, దారిలో కనబడిన కాపరిని పలుకరించినవారికి మల్లమ్మ పేరు వినబడును. ఒక కొండకు రెండు పేర్లుండుటలో మన దేశచరిత్ర కొంత దాగియున్నది.

ఇచ్చట కొందరు అభ్యంతరము చెప్పుదురు. “ఆల్ప్స్‌లో వేసవియన్న చల్లదనము, మన వేసవిలో నడచినచో వడదెబ్బ తగులును” అని వారి వాదము. ఈ మాటలో నిజమున్నది. మిట్టమధ్యాహ్నపు టెండలో కొండ నెక్కుమని బుద్ధిమంతు డెవ్వడును చెప్పడు. అయితే మన పెద్దలు నడక మానలేదు, వేళ మార్చుకొనిరి. కోడికూతతో బయలుదేరి, ఎండ ముదరకముందే నీడ చేరుట మన దేశపు పద్ధతి. బాటసారులకై చలివేంద్రములు, సత్రములు, మండపములు కట్టించుట పుణ్యకార్యమని యెంచిరి. తలబరువు దించుకొని సేదదీరుటకు దారిప్రక్కల రాతిదిమ్మెలను నిలిపిన గ్రామములును కలవు. ఆల్ప్స్ బాటలపై బసలున్నవని మెచ్చుకొనుచున్నాము. మన బాటలపై అట్టి వేర్పాటులు ఎన్నడో యుండెడివని మఱచుచున్నాము.

రెండవ అభ్యంతరము మఱింత లోతైనది. “నడక పేదవాని కర్మ, సెలవు దినములలో కూడ నడువవలెనా?” అని కొందరందురు. కట్టెలమోపుతో కొండ దిగు స్త్రీకిని, మందవెంట తిరుగు కాపరికిని, దినమును రెండు మూడు మైళ్లు నడచి బడికి వచ్చు బాలికకును నడక వినోదము కాదు. ఇది యథార్థము. వారికి నడకలోని సౌఖ్యమును గూర్చి ఉపన్యసించుట అవివేకము. కాని అక్కరవలన నడచుట వేఱు, ఇష్టమువలన నడచుట వేఱు. తిరుమలకు బస్సులు పోవుచుండగనే వేలకొలది జనులు అలిపిరినుండి 3,550 మెట్లు ఎక్కుచున్నారు. చంద్రగిరి వైపున శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లు. ఆ మెట్లపై ధనికుడును పేదవాడును ప్రక్కప్రక్కన నడుతురు, ఇద్దరికిని ఆయాసమొకటే. నడక చిన్నతనమని యెవ్వరును తలపరు. దైవమునకై నడచుట గౌరవమైనప్పుడు, దేశమును తెలిసికొనుటకై నడచుట అగౌరవ మెట్లగును?

అంతేకాదు. అక్కరవలన నడచినవారికి తెలిసిన విద్య మనకెవరికిని తెలియదు. ఏ దారి యెచ్చటికి పోవునో, ఏ కాయ తినదగినదో, ఏ దొనలో చైత్రమాసమునను నీరుండునో కాపరి యెఱుగును. పట్టణమునుండి వచ్చిన చదువరి ఆ విషయమున అతని శిష్యుడు. షామొనీలో కొండవాండ్ర జ్ఞానమే వారికి జీవనోపాధి యయ్యెను. మన కాపరి జ్ఞానమునకు నేడు వెల లేదు. అతని తోడ నడచి, అతనికి తగిన ప్రతిఫలమిచ్చి, అతని యింటిలో రాగిసంకటియు వేరుసెనగ ఊరుబిండియు భుజించి, దానికిని వెల చెల్లించినచో ఇరువురికిని మేలు. ఇది దానము కాదు, విద్యకు దక్షిణ. ఈ సీమ రైతు టమాటను నమ్ముకొని బ్రతుకుచున్నాడు. ఒక నెల దాని ధర ఆకాశమంటును. మఱొక నెల కోతకూలియైనను రాదు. అట్టి కుటుంబమునకు వేసవిలో కొంత రాబడి వచ్చుట చిన్న విషయము కాదు.

మూడవ అభ్యంతరము భద్రతను గూర్చినది. దీనిని తేలికగా త్రోసివేయరాదు. పలమనేరు, కుప్పము ప్రాంతములలోని కౌండిన్య వన్యప్రాణుల అభయారణ్యము 1990లో ఏర్పడినది. దానికి కొన్నియేండ్లముందే పొరుగు రాష్ట్రముల అడవులనుండి ఏనుగులు ఇచ్చటికి వలసవచ్చినవి. అవి పొలములు త్రొక్కుటయు, మనుష్యులు ప్రాణములు కోల్పోవుటయు, ఏనుగులును విద్యుత్తీగలు తగిలి చచ్చుటయు జరిగినవి. ఇక తిరుమల దారియందు 2023వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆఱేండ్ల బాలిక చిఱుతపులి వాతబడి మరణించెను. దానిని విన్న తల్లిదండ్రులెల్లరు తల్లడిల్లిరి. అటుపిమ్మట అధికారులు పిల్లలతో నడచు వేళలకు కట్టడి చేసిరి, గుంపులుగా నడువుమనిరి, భక్తుల చేతికి కఱ్ఱ లిచ్చిరి. దారిని మాత్రము మూసివేయలేదు.

ఇందు మనకు పాఠమున్నది. ఆపద వచ్చినదని దారిని విడిచినచో అది అడవిపాలగును. ఆపదను లెక్కింపక పోయినచో ప్రాణములు పోవును. మధ్యేమార్గమొకటి కలదు; అదియే క్రమము. 1820లో ముగ్గురిని కోల్పోయిన షామొనీ గ్రామము పట్టినది ఆ మార్గమునే. కావున అభయారణ్యమున అటవీశాఖవారి యనుమతియు, దారి తెలిసినవాని తోడును లేక అడుగు పెట్టరాదు. కుప్పము దారిలోనున్న కైగల్ జలపాతమును చూడబోయినను ఇదే నియమము. పెద్దలు లేక పిల్లలు మాత్రమే కొండకు పోరాదు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట నడువరాదు. వానకాలమున నునుపెక్కిన బండలపై నిలిచి సాహసములు చూపరాదు. జలపాతముల కడ అట్టి సాహసములకు బలియైన యువకుల వార్తలను మనము ఏటేట చదువుచునే యున్నాము. కొండను గెలిచితినని చెప్పుకొనుటకై నడచువాడు కొండను చూడడు. తన్ను తాను చూచుకొనును.

మఱొక నియమము కూడ మఱువరాదు. కొండకు ఏమి తీసికొనిపోయితిమో అది యంతయు తిరిగి తేవలెను. కాగితము ఒక వానకు నానును. ప్లాస్టిక్ సంచి నానదు. దానిని మేసిన ఆవు కడుపుబ్బి చచ్చును. వేసవిలో ఎండిన బోదగడ్డిపై పడిన ఒక్క నిప్పురవ్వ కొండనంతయు కాల్చివేయగలదు. పక్షులు గ్రుడ్లు పెట్టి పొదుగుకాలమున మంటలు లేచినచో నష్టమెంతయో ఊహింపుడు.

ఇంతకు నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇది. బండిబాట వచ్చిన పిమ్మట కాలిబాట చచ్చిపోవుచున్నది. కాలిబాట విచిత్రమైన యాస్తి. పొలమును దున్నక బీడు పెట్టినను మరల దున్నుకొనవచ్చును. నూతిలో పూడు పడినను తీయవచ్చును. కాని నడచువారు లేని బాటను నాలుగు వానలలో పులికంప క్రమ్మివేయును. ఒక తరము గడచినచో అది యెచ్చటినుండి యెచ్చటికి పోయెడిదో చెప్పువారే యుండరు. బాటతోపాటు దారిలోని బండల పేర్లు, దొనల పేర్లు, వాని కథలు అన్నియు పోవును. మల్లమ్మ కథ గుడి యుండుటచే నిలిచినది. గుడి లేని కథలకు కాలిబాటయే గుడి.

దీనికై పెద్ద నిధులు అక్కఱలేదు. గంగవరమువంటి యూరిలోని పాఠశాల యొక్కటి పూనుకొన్నను చాలును. ఎనిమిదవ తరగతి పిల్లలు ఈ సెలవులలో తమ తాతలను, అవ్వలను అడిగి, ఊరిచుట్టునున్న కాలిబాటల నన్నింటిని ఒక పటముపై గీయవచ్చును. చెఱువుకట్ట, గుట్ట, గుడిమెట్లు, పొరుగూరి సంతకు పోవు అడ్డదారి – ఏదియు విడువరాదు. ప్రతి బాటకు పట్టు కాలమును, నీరున్న తావును, నీడ నిచ్చు చెట్టును వ్రాయవలెను. బండల పేర్లు, వాని కథలు ప్రక్కన చేర్పవలెను. అనుమతి గల బాటపై మలుపుకొక సున్నపుబొట్టు పెట్టినచో కొత్తవారికి దారి తెలియును. ఫ్రాన్సుదేశపు బాటలు ఇంతటి చిన్నపనితోనే మొదలైనవి. సున్నమునకు బదులు వారు రంగు వాడిరి, అంతే భేదము. పంచాయతి పెద్దలు సంవత్సరమున కొకమాఱు కంప కొట్టించినచో బాట నిలుచును. ఉపాధ్యాయులు వెంటనుండి, అటవీశాఖవారి సమ్మతితో, నెలకొక వేకువ పిల్లలను నడిపించినచో భూగోళపాఠము, ప్రకృతిశాస్త్రము, చరిత్ర ఒక్కమాఱే బోధింపబడును.

ప్రభుత్వములు కొండలపై విడిదులు కట్టుట, రోడ్లు వేయుట మేలే. నడువలేని వృద్ధులకు, రోగులకు అవి యుండవలసినదే. వానిని నేను నిందించుటలేదు. కాని రోడ్డుకు వేలు వేలుగా వెచ్చించునపుడు దాని ప్రక్కన కాలిబాటకు కొంచెమైనను వెచ్చింపవలెనని కోరుట తప్పు కాదు. కూలివానికిని సెలవు హక్కేయని ఫ్రాన్సువారు 1936లో నిర్ణయించిరి. ఆ మాటకు మన దేశమునను అర్థము రావలెనన్నచో, ధనము లేనివాడును అనుభవింపగల సెలవు ఒకటి యుండవలెను. కారు లేనివానికి, గది యద్దె చెల్లింపలేనివానికి కాలిబాట యొక్కటే కొండ తలుపు. అది మూతపడినచో కొండ కొందరిదగును, తెఱచియున్నచో అందరిదగును.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు పెద్ద చదువులు చదివి బెంగుళూరుకో, ఇంకను దూరదేశములకో పోవుదురు. వారిలో ఆల్ప్స్ బాటలపై నడచువారును ఉండవచ్చును. అప్పుడచ్చటి మిత్రులు “మీ దేశపు కొండలెట్టివి?” అని యడుగుదురు. అందుకు మీ యుత్తరము ఛాయాచిత్రమొకటి మాత్రమే కాకూడదు. మా కొండపై ఈ చెట్టు ఈ యెత్తున మొదలగును, ఈ దొనలో నీరు ఈ నెలవఱకు నిలుచును, ఈ బండ పేరు ఇది, దాని కథ యిది అని చెప్పగలిగియుండవలెను. ఆ విద్యను మీకు నేర్పగలవారు మీ వీధిలోనే యున్నారు, ముసలివారగుచున్నారు. వారికి కాళ్లలో సత్తువ యుండగనే వారి వెంట ఒక వేసవి నడచుట మీ పని.